కచేరీల్లో ఫోన్లు: గొడవ ఒకటి కాదు, మూడు

క్లుప్తంగా: చెన్నైలో కచేరీలు పెట్టే సంగీత సభల్లో ప్రతి సీజన్‌లోనూ ఫోన్ల మీద చర్చ నడుస్తుంది, ప్రతిసారీ "జనానికి మర్యాద తెలీదు" దగ్గరే ఆగిపోతుంది. నిజానికి ఇందులో మూడు వేరే వేరే సమస్యలున్నాయి: మోగడం, వెలుతురు, రికార్డింగ్. ఒక్కోదానికి కారణం వేరు, నష్టపోయేవాళ్లు వేరు. "దయచేసి ఫోన్లు ఆఫ్ చేయండి" అనే ఒక్క అనౌన్స్‌మెంట్‌తో మూడింటినీ సర్దేద్దాం అనుకోవడం వల్లే ఏదీ సర్దుకోవట్లేదు.

ఒకే ఊళ్లో రెండు రకాల కచేరీలు

డిసెంబర్ మధ్యలో ధనుర్మాసం మొదలవగానే చెన్నైలో మార్గళి సీజన్, అంటే ఏటా జరిగే కర్ణాటక సంగీత కచేరీల సీజన్, ఊపందుకుంటుంది. మైలాపూర్, ఆళ్వార్‌పేట, టీ నగర్ సభల్లో పొద్దున్నుంచి రాత్రి దాకా ఏదో ఒక స్లాట్ నడుస్తూనే ఉంటుంది, మధ్యాహ్నం పూట కొత్తగా పైకొస్తున్న పిల్లల కచేరీలు చాలా చోట్ల ఉచితం, సాయంత్రం పేరున్నవాళ్లవి టికెట్ మీద. పాడేవాటిలో తెలుగు కీర్తనలే బోలెడు కాబట్టి చెన్నైలో స్థిరపడ్డ తెలుగువాళ్లే కాదు, నెల్లూరు, తిరుపతి, విజయవాడ వైపు నుంచి నాలుగు రోజులు సెలవు పెట్టుకుని రైలెక్కి వచ్చేవాళ్లు కూడా బాగానే కనిపిస్తారు.

ఇదే ఊళ్లో నందనం వైఎంసీఏ మైదానంలోనో, నెహ్రూ స్టేడియంలోనో సినిమా పాటల నైట్లు, బయటి దేశాల పాప్ షోలు కూడా జరుగుతాయి. అక్కడ స్టేజ్ మీదున్నాయనే "అందరూ ఫోన్ లైట్లు వేయండి" అని అడుగుతాడు, వేయకపోతే వాళ్లే వింతగా కనిపిస్తారు. ఆ షో చూసిన మనిషే వారం తిరక్కుండా మ్యూజిక్ అకాడమీలో టీటీకే ఆడిటోరియంకి వెళ్లి అదే అలవాటుతో ఫోన్ పైకెత్తాడనుకోండి, వెనక వరస నుంచి ఓ పెద్దాయన భుజం తడతాడు. ఒక చోట ఉత్సాహం అనిపించుకునేది ఇంకోచోట అమర్యాద అవుతుంది, ఈ తేడా ఎక్కడా రాసి పెట్టి ఉండదు, టికెట్ వెనకాల సన్న అక్షరాల్లో ఉన్నా ఎవరూ చదవరు. కొత్తగా వచ్చేవాళ్ల తికమకకి సగం కారణం ఇదే.

మోగడం: ముప్పై సెకన్లలో ఏం పోతుంది

ముందు శబ్దం సంగతి. కాల్ ఎత్తకపోతే మొబైల్ ఎంతసేపు మోగాలి అన్నదానికి మన దేశంలో లెక్కుంది, 2019లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ దాన్ని 30 సెకన్లుగా ఖరారు చేసింది. బయట 30 సెకన్లంటే పెద్ద విషయం కాదు. కచేరీలో ఆది తాళం మధ్యమ కాలంలో (మధ్యస్థ వేగంలో) నడుస్తుంటే ఒక ఆవర్తనానికి, అంటే తాళం ఒక చుట్టుకి, దాదాపు ఆరు సెకన్లు పడుతుంది, అంటే ఒక ఫోన్ పూర్తిగా మోగి ఆగేలోపు అయిదు ఆవర్తనాలు వెళ్లిపోతాయి, నెరవల్ (ఒకే సాహిత్యపు వరసని రకరకాలుగా విస్తరించడం) పాడుతుంటే సాహిత్యం ఒక మెట్టు ఎక్కి ఇంకో మెట్టు ఎక్కే టైమ్ అది. ఆలాపనలో అయితే ఇంకా ఘోరం, అక్కడ తాళం లేదు, మృదంగం లేదు, గాయని ఒక స్వరం మీద నిలబడి ఊపిరి తీసుకునే ఖాళీలోనే రాగం సగం ఉంటుంది. ఫోన్ సరిగ్గా ఆ ఖాళీలోనే వినిపిస్తుంది, ఎందుకంటే మిగతా టైమ్‌లో మోగినా మృదంగం, ఘటం కింద కొంత కలిసిపోతుంది.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. రింగ్‌టోన్‌కి దాని శ్రుతి దానికుంటుంది. స్టేజ్ మీద తంబుర ఒక షడ్జమాన్ని గంటన్నర నుంచీ చెవుల్లో నింపి పెట్టింది, మధ్యలో వేరే శ్రుతిలో నాలుగు స్వరాలు గట్టిగా వినపడితే అది దగ్గు, తుమ్ము లాంటి మామూలు చప్పుడు కాదు, పోటీ సంగీతం. పాడేవాళ్ల చెవి అటు లాగుతుంది, మళ్లీ తంబుర పట్టుకోవాలి. అందుకే హాల్లో ఎవరో దగ్గితే కళ్లు కూడా తెరవని విద్వాంసులు ఫోన్ మోగితే మాత్రం మొహం చిట్లిస్తారు. ఆ రింగ్‌టోన్ సుప్రభాతమో, హనుమాన్ చాలీసానో అయితే పక్కవాళ్లకి కోప్పడాలో దండం పెట్టాలో కూడా తెలీదు.

మోగే ఫోన్లు ఎవరివి అంటే వేలు కుర్రకారు మీదకే పోతుంది గానీ కుర్రాళ్ల ఫోన్లు రోజంతా సైలెంట్‌లోనే ఉంటాయి. సభల్లో మోగేవి ఎక్కువగా పెద్దవాళ్లవి. చెవులు కొంచెం తగ్గి ఉంటాయి కాబట్టి వాల్యూమ్ ఫుల్లు పెట్టుకుంటారు, వైబ్రేషన్ చేతికి తెలీదు, పైగా ఫోన్ హ్యాండ్‌బ్యాగ్ అడుగున ఉంటుంది. మోగుతుంది. ఎవరిదో అని ఆ పెద్దావిడా చుట్టూ చూస్తుంది. తనదే అని తెలిసేసరికి పది సెకన్లు, జిప్ తీసి కళ్లజోడు పెట్టె, మంచినీళ్ల సీసా, కేంటీన్‌లో కొన్న మైసూర్‌పాక్ పొట్లం పక్కకి జరిపేసరికి ఇంకో పది, బ్యాగ్ తెరుచుకోవడంతో మోత ఇంకా పెరుగుతుంది, తీరా చేతికొచ్చాక కట్ చేసే బటన్ కళ్లజోడు లేకుండా కనపడదు. కట్ చేశాక అసలు కథ మొదలు, అవతల కొడుకో కూతురో "అమ్మ కట్ చేసిందేంటి, ఏమైనా అయిందా" అని కంగారుపడి వెంటనే మళ్లీ చేస్తారు.

ఆ రెండో కాల్ దగ్గర ఫోన్ల సెట్టింగ్స్ కూడా మోసం చేస్తాయి. డు నాట్ డిస్టర్బ్ పెట్టాం కదా అని ధీమాగా కూర్చుంటారు. అందులో మళ్లీ మళ్లీ చేసేవాళ్లని వదిలేయ్ అనే ఆప్షన్ ఒకటుంది, అది ఆన్‌లో ఉంటే ఐఫోన్‌లో మూడు నిమిషాల్లోపు అదే నంబర్ రెండోసారి చేసినప్పుడు, ఆండ్రాయిడ్ ఫోన్లలో 15 నిమిషాల్లోపు చేసినప్పుడు మోగుతుంది. అత్యవసరం కోసం పెట్టిన మంచి ఏర్పాటే, కాకపోతే కంగారుపడే కొడుక్కీ అత్యవసరానికీ తేడా దానికి తెలీదు.

అలారం ఇంకో రకం. సైలెంట్‌లో పెట్టినా అలారం మోగుతుంది, దీనికి ప్రపంచమంతా తెలిసిన ఉదాహరణ 2012 జనవరిలో న్యూయార్క్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రా కచేరీలో జరిగింది. మాలర్ తొమ్మిదో సింఫనీ చివర్లో, వాయిద్యాలు దాదాపు వినపడనంత సన్నగా వాయిస్తున్న చోట, ముందు వరసలో ఒక ఐఫోన్ మోగడం మొదలై ఆగలేదు. కండక్టర్ ఆలన్ గిల్బర్ట్ ఏకంగా ఆర్కెస్ట్రానే ఆపేశారు. తర్వాత తేలిందేంటంటే ఆ పెద్దమనిషికి ఆఫీసువాళ్లు ఆ ఫోన్ ముందురోజే ఇచ్చారు, ఆయన సైలెంట్‌లోనే పెట్టాడు, అందులో అలారం ఉందనే ఆయనకి తెలీదు, మోగుతున్నది తన ఫోనే అని నమ్మడానికి కూడా టైమ్ పట్టింది. నియమం తెలిసి, పాటించి, అయినా కచేరీ ఆపించిన మనిషి ఆయన. మర్యాద గురించి ఎన్ని బోర్డులు పెట్టినా ఇలాంటిది ఆగదు, అలారం గురించి ఒక ముక్క చెప్తే ఆగుతుంది.

వైబ్రేషన్ అనేది రాజీ మార్గంలా కనిపిస్తుంది గానీ చెక్క చేతులున్న సీట్ల మీద, స్టీల్ కుర్చీల మీద పెడితే గుయ్‌మని మూడు వరసల దాకా వినపడుతుంది. పాత 2జీ సిగ్నల్ మీద నడిచే బేసిక్ ఫోన్లు సౌండ్ సిస్టమ్ వైర్ల పక్కన ఉంటే స్పీకర్లలో టకటకమని ఒక బరబర వస్తుంది, అది ఫోన్ మోగకముందే వస్తుంది. 4జీకి మారాక ఇది చాలావరకు తగ్గిపోయింది.

మరి ఆఫ్ ఎందుకు చేయరు

బద్ధకం కొంత ఉంది, కాదనడానికి లేదు. కానీ సభకి వచ్చిన మనిషి జేబులో ఫోన్ ఇప్పుడు ఏమేం చేస్తుందో చూస్తే విషయం వేరేలా కనిపిస్తుంది. టికెట్ క్యూఆర్ కోడ్ అందులోనే, కేంటీన్‌లో యూపీఐ అందులోనే, మంగళం అయ్యాక ఆటోకి బేరమాడే ఓపిక లేనివాళ్ల క్యాబ్ అందులోనే, ఇంట్లో మంచం మీదున్న అత్తగారి కోసం పెట్టుకున్న ఆయా ఫోన్ చేసేది కూడా అందులోకే. పూర్తిగా ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేయడానికి నిమిషం పడుతుంది, రోజుకి మూడు సభలు తిరిగే రసికుడు అన్నిసార్లు ఆ పని చేస్తాడని అనుకోవడం అత్యాశ.

పైగా సంగీతానికి పనికొచ్చే వాడకం కూడా ఉంది. ఏ రాగమో తట్టకపోతే కీర్తన మొదటి మాటలు కొట్టి చూసుకోవడం, సాహిత్యం తెరిచి చూస్తూ వినడం ఇప్పుడు మామూలే. వెనకటికి రాగాల పట్టీ ఉన్న చిన్న పుస్తకం ఒళ్లో పెట్టుకుని వచ్చే రసికులు ఉండేవాళ్లు, వాళ్లని అందరూ శ్రద్ధ గలవాళ్లు అనేవాళ్లు. అదే పని ఫోన్‌లో చేస్తే వాట్సాప్ చూస్తున్నాడని అనుకుంటారు, సగం సార్లు అది నిజం కూడా.

అనౌన్స్‌మెంట్ చేసే టైమ్ కూడా తప్పే. కచేరీ మొదలయ్యే ముందు, జనం ఇంకా సీట్లు వెతుక్కుంటూ పలకరింపుల్లో ఉండగా ఒకసారి చెప్పేస్తారు. సీజన్‌లో సగం మంది మొదట పాడే వర్ణం అయ్యాక గానీ లోపలికి రారు, ముందు స్లాట్ కచేరీ ఇంకో సభలో ఆలస్యం అయి ఉంటుంది. వాళ్లు ఆ మాట విననే వినరు. తని ఆవర్తనం (పాట ఆపి మృదంగం, ఘటం లాంటి తాళవాద్యాలే వాయించే భాగం) మొదలవగానే కొంతమంది కేంటీన్‌కి లేచి, అక్కడ డబ్బులు కట్టడానికి ఫోన్ సౌండ్ ఆన్ చేసుకుని, మళ్లీ లోపలికొస్తారు. వాళ్లకీ ఎవరూ చెప్పరు.

వెలుతురు: నాట్యం దగ్గర అసలు చిక్కు

గాత్ర కచేరీల్లో హాల్ లైట్లు పూర్తిగా తీసేయడం తక్కువ, కాబట్టి ఫోన్ వెలుతురు అంత బాధించదు. జనవరిలో నాట్యోత్సవాలు మొదలయ్యాక లెక్క మారుతుంది. హాలంతా చీకటి, స్టేజ్ మీద మాత్రమే లైటు. చీకటికి కళ్లు పూర్తిగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, ఒక్కసారి ఎదురుగా తెల్లటి స్క్రీన్ వెలిగితే అది పాడైపోతుంది. అంతకన్నా పెద్ద ఇబ్బంది పక్కచూపుది, మన కంటి అంచులు కదలికని, మినుకు మినుకుని చాలా త్వరగా పట్టేస్తాయి, వద్దనుకున్నా చూపు అటు పోతుంది. ఒక్కడు తల దించుకుని మెసేజ్ చూసుకుంటే అతనికి అది తన ఒళ్లో వెలుగే, వెనక నాలుగు వరసల వాళ్లకి మాత్రం అభినయం పక్కన ఇంకో దీపం.

ఫ్లాష్ గురించి చెప్పాలంటే, ఫోన్ ఫ్లాష్ పనిచేసేది కొద్ది మీటర్ల దూరం వరకే. పదో వరసలో కూర్చుని ఫ్లాష్ వేస్తే స్టేజ్ మీద ఏమీ మారదు, ముందు వరసల తలకాయలు తెల్లగా పడతాయి. ముందు వరసలో కూర్చుని వేస్తే మాత్రం ఒంటికాలి మీద నిలబడ్డ నర్తకి కళ్లలో పడుతుంది, అది మర్యాద సంగతి దాటి కాలు బెణికే సంగతి అవుతుంది. తమ పిల్ల మొదటిసారి స్టేజ్ ఎక్కిన రోజున అమ్మానాన్నలే ఈ పని ఎక్కువ చేస్తారు, తమ పిల్ల కళ్లలోనే.

రికార్డింగ్: అలవాటు పాతదే

కచేరీ రికార్డ్ చేయడం ఫోన్లతో మొదలైంది కాదు. స్పూల్ టేపుల కాలం నుంచీ, ఆ తర్వాత క్యాసెట్ల కాలంలో ఒళ్లో చిన్న రికార్డర్ పెట్టుకుని రసికులు ఎన్నో కచేరీలు ఎక్కించుకున్నారు. పాత విద్వాంసుల పాట ఈ తరానికి అందిందంటే అందులో ఈ ఇంటి టేపుల వాటా చిన్నది కాదు. మరి అప్పుడు లేని గొడవ ఇప్పుడెందుకు? క్యాసెట్ రికార్డర్‌కి వెలిగే స్క్రీన్ లేదు, దాన్ని తల పైకెత్తి పట్టుకోనక్కర్లేదు, ఆ టేప్ మహా అయితే పదిమంది ఇళ్లు తిరిగేది. ఇప్పుడు కచేరీ అవకముందే క్లిప్ బయటికి పోతుంది. అందులో వాళ్లు ఎంచుకున్న ముప్పై సెకన్లే ఉంటాయి, గొంతు జీరపోయిన చోటో, అప్పటికప్పుడు స్వరాలు అల్లేటప్పుడు లెక్క తప్పిన చోటో అయితే ఇంకా వేగంగా పోతుంది. తప్పు చేస్తే రేపు పొద్దున్నకి అందరి ఫోన్లలో ఉంటుందని తెలిసిన గాయకుడు ముందే అలవాటైన పద్ధతిలోనే పాడతాడు, కొత్త దారి పట్టడు. మనోధర్మం మీద, అంటే అప్పటికప్పుడు సొంతంగా అల్లడం మీద బతికే సంగీతానికి ఇది మోత కన్నా పెద్ద నష్టం.

డబ్బు సంగతీ ఉంది. 2020 డిసెంబర్‌లో కోవిడ్ వల్ల మ్యూజిక్ అకాడమీతో సహా చాలా సభలు ఆన్‌లైన్‌కి మారాయి, ఆన్‌లైన్ టికెట్ అనే మాట అలవాటైంది. డబ్బులిచ్చి చూసేది ఒక పక్క ఉంటే ఫోన్‌లో లైవ్ పెట్టడం అంటే టికెట్ పంచిపెట్టడమే. పియానో విద్వాంసుడు క్రిస్టియన్ జిమర్‌మాన్ 2013లో జర్మనీలోని ఎస్సెన్‌లో బాల్కనీలో ఒకరు ఫోన్‌తో తీస్తుండటం చూసి వాయించడం ఆపి లోపలికి వెళ్లిపోయారు, తిరిగొచ్చి చెప్పింది కూడా ఇదే, యూట్యూబ్‌లో ఇప్పటికే ఉందన్న కారణంతో తన రికార్డింగ్ అవకాశాలు పోయాయని.

మన చట్టం ఏమంటుందో చాలామందికి రెండు వైపులా తప్పుగానే తెలుసు. 1957 కాపీరైట్ చట్టంలో 38వ సెక్షన్ కింద పాడేవాళ్లకి, వాయించేవాళ్లకి తమ ప్రదర్శన మీద 50 ఏళ్ల హక్కు ఉంది. అదే చట్టం 39వ సెక్షన్‌లో సొంతంగా వినడానికో, నిజంగా నేర్పడానికో పరిశోధనకో చేసుకున్న రికార్డింగ్ ఆ హక్కుని ఉల్లంఘించినట్టు కాదని కూడా ఉంది. అంటే పల్లవి నేర్చుకుందామని రికార్డ్ చేసుకున్న శిష్యుడు దొంగ కాదు, దాన్ని ఛానెల్‌లో పెట్టినప్పుడు సమస్య. త్యాగరాజ స్వామి 1847లోనే పోయారు, కీర్తన మీద కాపీరైట్ ఎవరికీ లేదు కదా అని వాదించేవాళ్లుంటారు. కీర్తన మీద లేదు, ఆ సాయంత్రం గాయని పాడిన పాట మీద ఆవిడకి ఉంది. ఇక చట్టం ఒప్పుకున్నా హాలువాళ్లు ఒప్పుకోవాలని లేదు, టికెట్ షరతుల్లో వద్దని రాస్తే సొంత వాడకానికి కూడా వద్దనే.

తీసేవాళ్లకి మిగిలేదేంటి అన్నదాని మీద పరిశోధనలున్నాయి. మనస్తత్వ పరిశోధకురాలు లిండా హెంకెల్ 2014లో ప్రచురించిన పరిశీలనలో మ్యూజియంలో ఫోటో తీసిన వస్తువులు మామూలుగా చూసినవాటి కన్నా తక్కువ గుర్తున్నాయని తేలింది. 2017లో వచ్చిన ఇంకో పరిశోధన కొంచెం భిన్నంగా, తమ ఇష్టంతో ఫోటోలు తీసేవాళ్లకి చూసింది బాగానే గుర్తుంటుంది, విన్నది మాత్రం తగ్గుతుంది అని చెప్పింది. సినిమా షోకి ఇది పెద్ద నష్టం కాకపోవచ్చు. వినడానికే వచ్చిన కచేరీకి ఇది సరిగ్గా తప్పు బేరం. ఫోన్ మైక్ తీరు కూడా అలాంటిదే, దూరంగా ఉన్న గాత్రం కన్నా పక్క సీటాయన తొడ మీద వేసే తాళం, వెనకాయన "ఇది ఆభేరి కాదోయ్" అనడం బాగా రికార్డవుతాయి.

స్టేడియం షోలకి ఈ కొలత పనికిరాదు

మైదానంలో జరిగే షోలో సౌండ్ అంత పెద్దగా ఉంటుంది కాబట్టి ఫోన్ మోగినా ఎవరికీ వినపడదు, రీల్స్ బయటికి పోవడం నిర్వాహకులకి ఖర్చులేని పబ్లిసిటీ. అక్కడ ఇబ్బంది చేతులది, ముందువాళ్లు పాటంతా చెయ్యి దించకపోతే వెనక పొట్టివాళ్లు స్టేజ్‌ని ముందువాడి స్క్రీన్‌లో చూడాల్సి వస్తుంది. ఇంకోటి నెట్‌వర్క్. వేలమంది ఒకే చోట ఒకేసారి వీడియోలు పైకి పంపిస్తుంటే టవర్ నిండిపోతుంది, మంచినీళ్ల స్టాల్ దగ్గర యూపీఐ తిరుగుతూనే ఉంటుంది, షో అయ్యాక క్యాబ్ దొరకదు. అలాగని ఫోన్లే లేకపోతే బాగుండేది అనడానికీ లేదు. 2023 సెప్టెంబర్ 10న చెన్నై శివార్లలో ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) మీద పనైయూర్‌లో ఏ.ఆర్. రెహమాన్ కచేరీకి టికెట్ ఉండి కూడా లోపలికి వెళ్లలేక తిరిగొచ్చినవాళ్లు తోపులాట వీడియోలు పెట్టబట్టే అది రాత్రికి రాత్రి పెద్ద వార్త అయింది, టికెట్ డబ్బులు వెనక్కివ్వడం దాకా వచ్చింది.

పాప్ ప్రపంచంలో కూడా ఫోన్ వద్దనేవాళ్లు లేకపోలేదు. బ్రిటిష్ గాయని కేట్ బుష్ 2014లో లండన్ షోలకి ముందు ఫోటోలు, వీడియోలు తీయొద్దని అభిమానుల్ని కోరారు. అదే ఏడాది అమెరికాలో మొదలైన యాండర్ అనే కంపెనీ ఫోన్‌ని లాక్ అయ్యే సంచిలో పెట్టి మనిషి చేతికే ఇచ్చే పద్ధతి తెచ్చింది, బయటికెళ్లేటప్పుడు మాగ్నెట్ ఉన్న దిమ్మకి తాకిస్తే తెరుచుకుంటుంది. జాక్ వైట్, బాబ్ డిలాన్ లాంటివాళ్లు తమ టూర్లలో ఇది వాడారు.

చెన్నై సభల్లో ఏది కుదురుతుంది

సంచుల పద్ధతి రోజుకి నాలుగు స్లాట్లు నడిచే సభలో కష్టం, మధ్యలో వచ్చేవాళ్లు, మధ్యలో పోయేవాళ్లు, ప్రతివాడికీ సంచి ఇచ్చి పుచ్చుకోవడానికే సగం కచేరీ అయిపోతుంది. జామర్లు పెట్టేద్దాం అని ప్రతి ఏడూ ఎవరో ఒకరు అంటారు, ప్రభుత్వ అనుమతి లేకుండా ప్రైవేట్ వాళ్లు జామర్ పెట్టడం చట్టవిరుద్ధం, పైగా హాల్లో ఎవరికైనా గుండెనొప్పి వస్తే అంబులెన్స్‌కి ఫోన్ పోదు. జరిమానా సంగతికొస్తే న్యూయార్క్ నగరం 2003లోనే ప్రదర్శనల్లో ఫోన్ మోగితే 50 డాలర్లు అని చట్టం చేసింది, అమలు కాదని మేయర్ వీటో చేసినా కౌన్సిల్ పట్టుబట్టి పాస్ చేసింది. 2012లో మాలర్ సింఫనీ ఆగింది ఆ ఊళ్లోనే, ఆ చట్టం ఉండగానే.

ఇక పనిచేసే అవకాశం ఉన్నవన్నీ చిన్నవే. "ఆఫ్ చేయండి" బదులు "ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి, అలారం చూసుకోండి" అంటే ఎక్కువ మంది వింటారు, ఎందుకంటే అది రెండు సెకన్ల పని, మళ్లీ వెనక్కి తేవడమూ అంతే. ఇంట్లో జబ్బుమనిషి ఉన్నవాళ్లకి ఇది కుదరదు, వాళ్లని నడవ పక్క సీటులో కూర్చోమంటే సరిపోతుంది. అనౌన్స్‌మెంట్‌ని మొదట్లోనే కాకుండా మెయిన్ కీర్తన మొదలయ్యే ముందు ఇంకోసారి, వీలైతే పాడేవాళ్ల నోటితోనే చెప్పించడం, తలుపు దగ్గర వాలంటీర్ ఆలస్యంగా వచ్చినవాళ్ల చెవిలో ఒక ముక్క వేయడం లాంటివి ఖర్చులేనివి. రికార్డింగ్‌కి పూర్తిగా వద్దు అనే బదులు చివర్లో పాడే చిన్న పాటలు, తుక్కడాలప్పుడు తీసుకోండి అని వదిలేస్తే మిగతా రెండు గంటలు చేతులు కిందనే ఉంటాయి, సభకి కావాల్సిన ప్రచారమూ దొరుకుతుంది. నాట్యానికి మాత్రం ఈ సడలింపు కుదరదు, అక్కడ లైటు ప్రమాదం చివరి తిల్లానాలో ఇంకా ఎక్కువ.

స్టేజ్ మీద ఉన్న ఫోన్ల సంగతి కూడా ఈ చర్చలోకి రాక తప్పదు. తంబుర ఇప్పుడు చాలామందికి ఫోన్‌లో యాప్, సాహిత్యం ట్యాబ్లెట్‌లో. చూసి పాడటం మీద పాత రసికులకి కోపం ఉంది, "గాయకుడే స్క్రీన్ చూస్తుంటే మేం చూస్తే తప్పా" అని కుర్రాళ్ల ఎదురు ప్రశ్న కూడా ఉంది. రెండూ ఒకటి కాదు, స్టేజ్ మీది స్క్రీన్ ఎవరి కళ్లలోనూ పడదు, ఎవరినీ రికార్డ్ చేయదు. అయితే శ్రుతి యాప్ నడుస్తుండగా కాల్ వస్తే తంబుర ఆగిపోతుంది, గాత్రం గాల్లో వేలాడుతుంది, హాలంతటికీ తెలిసిపోతుంది. ఒకసారి ఆ అనుభవం అయిన కళాకారులు స్టేజ్ ఎక్కే ముందే ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టేసుకుంటారు, వాళ్లకి ఎవరూ అనౌన్స్ చేయనక్కర్లేదు.